మళ్లీ పిలిచేటప్పుడు ముందెవరు?

2025 ఆగస్టు 21న తెలుగు సినీ కార్మికుల సమ్మె ముగిసింది. అదే నెల 4న మొదలై 18 రోజులు సాగిన ఆ సమ్మెలో మొదటి నుంచి చివరి దాకా వినిపించింది శాతాల లెక్కే. కార్మిక సంఘాల ఫెడరేషన్ 30 శాతం పెంచమంది. కార్మిక శాఖ మధ్యలో కూర్చుంటే గరిష్ఠంగా 22.5 దగ్గర బేరం తెగింది, అదీ మూడేళ్లలో విడతలుగా. రోజు కూలీ 2 వేల రూపాయల లోపు ఉన్నవాళ్లకు మొదటి ఏడాది 15 శాతం, రెండో ఏడాది 2.5, మూడో ఏడాది 5. కూలీ 2 వేల నుంచి 5 వేల దాకా ఉన్నవాళ్లకు 7.5, 5, 5. మర్నాటి నుంచి షూటింగులు మొదలవుతాయని ప్రకటించారు.

మొదలయ్యాయి సరే. మొదటి ఫోన్ ఎవరికి వెళ్లింది?

టీవీ చర్చల్లో ఈ ప్రశ్న వినపడలేదు కానీ హైదరాబాద్‌లోని కృష్ణానగర్, ఇందిరానగర్, యూసఫ్‌గూడ గదుల్లో అద్దె కట్టలేక కూర్చున్న మనిషికి శాతాల కన్నా ముందు గుర్తొచ్చేది ఇదే. పెరిగిన కూలీ చేతికి రావాలంటే ముందు పిలుపు రావాలి కదా. ఆగిన షూటింగులన్నీ ఒకే రోజు పట్టాలెక్కవు. హీరో డేట్లు దొరికిన సినిమా ముందు మొదలవుతుంది, సెట్ విప్పేసిన సినిమా నెల తర్వాత మొదలవుతుంది. వంద మంది పనిచేసిన చోట మొదటి వారం నలభై మందే కావాల్సి వస్తే ఆ నలభై మంది ఎవరు? ఇరవై ఏళ్లుగా లైట్లు మోస్తున్నవాడా, నిరుడు కార్డు తీసుకున్నవాడా, మేనేజర్‌కి తెలిసినవాడా?

ఇదే ప్రశ్న ఒక ఫ్యాక్టరీలో పుడితే దేశ చట్టంలో జవాబు ఉంది. డెబ్బై ఏళ్లకు పైగా ఉంది.

ముందుగా రెండు మాటలను విడదీసుకోవాలి, ఎందుకంటే వాడుకలో మనం రెంటినీ కలిపేస్తాం. లే-ఆఫ్ అంటే పని చూపించలేక యజమాని కొన్నాళ్లు కూర్చోబెట్టడం. బొగ్గు లేదు, కరెంటు లేదు, యంత్రం చెడింది, సరుకు పేరుకుపోయింది, ఇలాంటి కారణాలు. మస్టర్ రోల్‌లో పేరు అలాగే ఉంటుంది, ఉద్యోగం పోదు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఆ రోజులకు బేసిక్, డీఏలో సగం పరిహారంగా ఇవ్వాలి. అయితే ఈ సగం జీతం ఫ్యాక్టరీలు, గనులు, తోటలకే. రిట్రెంచ్‌మెంట్ అంటే మనిషి ఎక్కువయ్యాడని ఉద్యోగం నుంచే తీసేయడం. ఏడాది సర్వీసు నిండినవాడికి నెల రోజుల నోటీసు, పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం ఇచ్చి పంపాలి. పేపర్లలో ఐటీ కంపెనీల గురించి ‘లేఆఫ్‌లు’ అని రాసేవాటిలో చాలా వరకు ఈ రెండో రకమే.

తీసేసే వరుస గురించి ఆ చట్టంలోని 25జీ సెక్షన్ చెప్పింది. ఒకే కేటగిరీలో చివర చేరినవాడు ముందు వెళ్లాలి. మేనేజ్‌మెంట్ ఈ వరుస తప్పొచ్చు, కానీ కారణం కాగితం మీద పెట్టాలి. మద్రాసులోని స్వదేశమిత్రన్ పత్రిక కార్మికుల కేసులో 1960లో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. పనిమంతుల్ని ఉంచుకున్నాం అని నోటిమాటగా అంటే చెల్లదు, నమ్మదగిన సాక్ష్యం చూపాలి.

తిరిగి తీసుకునే వరుస 25హెచ్‌లో ఉండేది. ఒకసారి తీసేసిన యజమాని మళ్లీ మనుషుల్ని పెట్టుకోదలిస్తే పాతవాళ్లకు కబురు చేయాలి, వస్తామన్న పాతవాళ్లను కొత్తవాళ్ల కన్నా ముందు తీసుకోవాలి. ఈ రెండు సెక్షన్లూ 1953 సవరణతో వచ్చాయి.

కబురు ఎలా చేయాలో 1957 కేంద్ర నిబంధనలు ఎంత వివరంగా చెప్పాయో చూస్తే ముచ్చటేస్తుంది. తీసేయడానికి కనీసం ఏడు రోజుల ముందు ఆ కేటగిరీ వాళ్లందరి సీనియారిటీ జాబితా నోటీసు బోర్డు మీద అంటించాలి. మళ్లీ ఖాళీలు నింపేటప్పుడు కనీసం పది రోజుల ముందు బోర్డు మీద పెట్టి, తీసేసినవాళ్లకు రిజిస్టర్డ్ పోస్టులో తెలపాలి. ఖాళీలు తక్కువుండి తీసేసినవాళ్లు ఎక్కువుంటే అందరికీ ఉత్తరాలు రాయక్కర్లేదు. జాబితాలో పైనుంచి, ఖాళీలకు రెట్టింపు మందికి రాస్తే చాలు. అంటే యాభై మందిని తీసేసిన చోట ఎనిమిది ఖాళీలు వస్తే పైనున్న పదహారు మంది ఇళ్లకు ఉత్తరం వెళ్లాలి. ఎన్ని ఖాళీలున్నాయో, ఎవరెవరికి రాశారో యూనియన్‌కు కూడా చెప్పాలి. ఎవరికి రాశారో యూనియన్ చేతిలో ఉంటే పదిహేడోవాడి పేరు మూడోస్థానంలోకి ఎగబాకదు. నిబంధన రాసినవాళ్లకు మన మేనేజర్ల సంగతి బాగా తెలిసే రాసినట్టుంది.

ఏడాదిలో 240 రోజులు నిండనివాడికి ఈ హక్కు లేదని చాలాకాలం యాజమాన్యాలు వాదించాయి. 1996లో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. 240 రోజుల షరతు నోటీసుకు, పరిహారానికి సంబంధించినది. తిరిగి పిలిపించుకునే హక్కు తక్కువ రోజులు చేసినవాడికీ ఉంది, కాకపోతే ఎక్కువ సర్వీసు ఉన్నవాళ్ల తర్వాతే అతని వంతు వస్తుంది.

తిరిగి తీసుకున్నంత మాత్రాన పాత సర్వీసు మొత్తం కలిసిపోదు. తీసేయడమే అక్రమమని తేలి, సర్వీసు కొనసాగింపుతో విధుల్లోకి తీసుకోమని కోర్టు చెబితే పాత సీనియారిటీ దక్కుతుంది. సక్రమంగా తీసేసి, పరిహారమిచ్చి, తర్వాత 25హెచ్ కింద పిలిస్తే దక్కేది క్యూలో ముందు చోటు మాత్రమే. ఒప్పందాల్లో ఈ తేడా రాయించుకోని యూనియన్ తర్వాత చాలా నష్టపోతుంది.

ఇక ఫిల్మ్‌నగర్‌కు వద్దాం.

పై నిబంధనల్లోనే చిన్న మినహాయింపు ఒకటుంది. ఖాళీ నెల రోజుల కన్నా తక్కువ కాలానికే అయితే ఒక్కొక్కరికీ ఉత్తరం రాయాల్సిన బాధ్యత యజమానికి లేదు. సినిమా షెడ్యూల్ ఎన్నాళ్లుంటుంది? పాటకు నాలుగైదు రోజులు, ఫైట్‌కు వారం, పెద్ద షెడ్యూలైతే ఇరవై రోజులు. ఇంకో పెద్ద చిల్లు 1984లో పడింది. కాంట్రాక్టు గడువు ముగిసి, దాన్ని పొడిగించకపోతే అది రిట్రెంచ్‌మెంటే కాదని ఆ ఏడాది సవరణ చేశారు. కాల్‌షీట్ లెక్కన పనిచేసేవాడికి ప్రతి సాయంత్రం ప్యాకప్‌తో గడువు ముగిసినట్టే. తీసేసింది ఎవరూ లేరు, కాబట్టి తిరిగి తీసుకోవాల్సినవాళ్లూ లేరు!

పైగా యజమాని ఎవరు? లైట్‌మేన్ సంగతి తీసుకుందాం. పొద్దున్నే ఔట్‌డోర్ యూనిట్ లారీతోపాటు అతను లొకేషన్‌కు వస్తాడు. లైట్లు, కేబుళ్లు, జనరేటర్ యూనిట్ యజమానివి. సినిమా నిర్మాతది. పని పురమాయించేది కెమెరామేన్. రమ్మని ఫోన్ చేసింది లైట్‌మేన్ల చీఫ్. బత్తా చేతిలో పెట్టేది ప్రొడక్షన్ మేనేజర్. ఎదురుగా ఇంతమంది ఉన్నారు గాని, ‘నన్నెందుకు పిలవలేదు’ అని అడగాల్సి వస్తే ఏ గుమ్మం ముందు నిలబడాలో అతనికి తెలియదు. పదేళ్ల పని తర్వాత కూడా చూపించడానికి అతని దగ్గర ఉండేది యూనియన్ కార్డు. రోజుల లెక్క ఉన్న కాగితాలు, అంటే బత్తా తీసుకుని సంతకం పెట్టిన వోచర్లు, నిర్మాణ సంస్థ ఫైళ్లలోకి వెళ్లిపోతాయి. ఆ సినిమాతో ఆ ఆఫీసే మూతపడొచ్చు. జూబ్లీహిల్స్‌లో ఒక సినిమాకు ముందు తెరిచి, రిలీజ్ తర్వాత బోర్డు తీసేసే ఆఫీసులు కొత్త కాదు.

సినిమా పని మొదటి నుంచీ ఇలా లేదు. మద్రాసు రోజుల్లో స్టూడియో అంటే దాదాపు ఫ్యాక్టరీ. నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థలో ఎన్టీఆర్ కూడా మొదట నెల జీతం మీదే పనిచేశారు. కార్పెంటర్లు, పెయింటర్లు, మౌల్డర్లు స్టూడియో మనుషులు. ఫలానా ఏడాది చేరాడు అనడానికి రికార్డు ఉండేది. ఫ్లోర్లు అద్దెకిచ్చే వ్యాపారమయ్యాక, పరిశ్రమ హైదరాబాద్‌కు తరలి అవుట్‌డోర్ షూటింగులు పెరిగాక నెల జీతాలు పోయి రోజు కూలీలు మిగిలాయి. అన్నపూర్ణ, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ చిరునామాలకు విలువ వచ్చింది. చేరిన తేదీ మాత్రం ఎవరి పుస్తకంలోనూ లేకుండా పోయింది.

దాన్ని కొంతవరకు సర్దడానికే 1981లో పార్లమెంటు సినీ కార్మికుల కోసం ప్రత్యేక చట్టం చేసింది. నిర్మాతకూ వర్కర్‌కూ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండి తీరాలంది. వివాదాలకు ట్రిబ్యునల్ ఏర్పాటు చెప్పింది. అందులో అందరూ మరచిపోయిన ఒక ముక్క ఉండేది. మూడుకు తగ్గకుండా సినిమాల్లో పనిచేసిన వర్కర్‌కు, ఆ మూడూ ఒకే నిర్మాతవి కాకపోయినా, ప్రావిడెంట్ ఫండ్ చట్టం వర్తిస్తుందంది. వేర్వేరు యజమానుల దగ్గర చేసిన పనిని ఒక్కచోట కలిపి చూడటం కుదరదని ఇవాళ ఎవరైనా అంటే, పార్లమెంటు నలభై ఏళ్ల కిందటే కుదురుతుందంది అని చూపించొచ్చు. పీఎఫ్‌కు కుదిరింది సీనియారిటీకి ఎందుకు కుదరదు?

రాతపూర్వక ఒప్పందాల్లో ఎన్ని లైట్‌మేన్ల దాకా, ప్రొడక్షన్ బాయ్‌ల దాకా వచ్చాయో పరిశ్రమలో ఎవర్ని అడిగినా ముందు నవ్వుతారు.

చట్టం వదిలేసిన చోట యూనియన్ నిలబడింది, ఈ మాట ఒప్పుకోవాలి. తెలుగు ఫిల్మ్ ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్ కింద 24 క్రాఫ్టుల సంఘాలున్నాయి. కూలీ రేటు ఖాయం చేసిందీ, పేమెంట్ ఎగ్గొట్టిన నిర్మాత తదుపరి షూటింగ్‌ను ఆపిందీ, 2020లో లాక్‌డౌన్ వచ్చి షూటింగులు ఆగిపోయినప్పుడు ఎవరి ఇంట్లో బియ్యం లేవో లెక్క తీసిందీ ఈ సంఘాలే. చిరంజీవి ముందుండి నడిపిన కరోనా క్రైసిస్ చారిటీ సరుకులు కార్మికుల ఇళ్లకు చేరడానికి దారి చూపింది ఈ సభ్యత్వ జాబితాలే. మణికొండలో ఎం.ప్రభాకర్ రెడ్డి పేరిట ఉన్న చిత్రపురి కాలనీ కూడా కార్మికులు సంఘం కట్టుకుంటే వచ్చిందే.

కానీ 2020 జూన్‌లో షరతులతో, తక్కువ మంది యూనిట్‌తో షూటింగులు చేసుకోమని తెలంగాణ ప్రభుత్వం అనుమతిచ్చినప్పుడు అసలు పరీక్ష వచ్చింది. లాక్‌డౌన్‌కు ముందున్న యూనిట్‌లో కొందరికే చోటు. ఫ్యాక్టరీలో అయితే సీనియారిటీ జాబితా బయటికి తీసే సందర్భం. ఇక్కడ తీయడానికి నోటీసు బోర్డు మీద పెట్టిన జాబితా లేదు. ఎవరి చీఫ్‌ను వాళ్లు, ఎవరి మేనేజర్‌ను వాళ్లు నమ్ముకున్నారు. 2022 జూన్ 22న కార్మికులు సమ్మెకు దిగినప్పుడూ, అదే ఏడాది ఆగస్టు 1 నుంచి నిర్మాతలే షూటింగులు ఆపేసినప్పుడూ, 2025లోనూ ఇదే కథ. అయిదేళ్లలో కనీసం నాలుగుసార్లు పరిశ్రమ ఆగి మళ్లీ నడిచింది. నాలుగుసార్లూ తిరిగి పిలిచే వరుస ఫోన్లలోనే తేలింది.

ఈ రచయిత అభిప్రాయంలో సంఘాల లోపం ఇక్కడే ఉంది. గేటు దగ్గర కాపలాకు పెట్టిన శ్రద్ధ లోపలి వరుస మీద పెట్టలేదు. కార్డు లేనివాడు సెట్‌లో కనిపిస్తే పని ఆగుతుంది. కార్డు ఉన్నవాళ్లలో ఆర్నెల్లుగా ఎవరికి పని లేదన్నదానికి మాత్రం బహిరంగంగా పెట్టిన లెక్క కనపడదు. ఏదైనా సంఘం లోపల వంతుల ఏర్పాటు ఉన్నా అది నిర్మాతను కట్టిపడేసే ఒప్పందం కాదు, పెద్దమనుషుల మాట.

గేటు కాపలా మీదే నిర్మాతల గురి కూడా. 2025 సమ్మెలో ఫిల్మ్ ఛాంబర్ వైపు నుంచి పదేపదే వచ్చిన మాట, నైపుణ్యం ఉన్నవాడు యూనియన్ సభ్యుడైనా కాకపోయినా పని ఇచ్చుకునే స్వేచ్ఛ మాకుండాలి అని. సభ్యత్వానికి భారీ మొత్తాలు కట్టించుకుంటూ కొత్తవాళ్లను రానివ్వడం లేదని మరో ఆరోపణ. కొందరు నిర్మాతలు ముంబయి, చెన్నై మనుషులతో పని కానిచ్చారన్న వార్తలూ ఆ రోజుల్లో వచ్చాయి. నిర్మాతల వాదనకు చట్టం అండ కొంత ఉంది. హిందీ నిర్మాత విపుల్ షా ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2017లో ఇచ్చిన ఉత్తర్వులో, మా సభ్యుల్నే పెట్టుకోవాలని ముంబయి సినీ కార్మిక సమాఖ్య పట్టుబట్టడం పోటీ చట్టానికి విరుద్ధమని తేల్చింది. కూలీ కోసం, పని పరిస్థితుల కోసం బేరమాడటం యూనియన్ హక్కే. బయటివాడిని రానివ్వకపోవడం ఆ హక్కులోకి రాదు.

ఈ ఉత్తర్వును జాగ్రత్తగా చదివితే సంఘాలకు భవిష్యత్తు ఏ వైపు ఉందో తెలుస్తుంది. ‘సభ్యుడికే పని’ అన్న వాదన రోజురోజుకీ బలహీనపడుతుంది. ‘ఇదే పరిశ్రమలో ఇన్ని రోజులు పనిచేసినవాడికి ముందు పని’ అన్న వాదన వేరు. దానికి 25హెచ్ వెనకున్న న్యాయమే ఆధారం. కార్డు కొనుక్కోవచ్చు గాని పనిచేసిన రోజులు కొనుక్కోలేరు కదా.

సీనియారిటీ అందరికీ న్యాయం చేస్తుందని కాదు. అమెరికాలో మెంఫిస్ నగర ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో నల్లజాతివాళ్లను కోర్టు ఒప్పందంతో కొత్తగా చేర్చుకున్నారు. బడ్జెట్ తగ్గి మనుషుల్ని తగ్గించాల్సి వచ్చేసరికి, చివర చేరింది వాళ్లే కాబట్టి దెబ్బ వాళ్లకే ఎక్కువ తగిలేలా ఉంది. 1984లో ఆ దేశ సుప్రీంకోర్టు సీనియారిటీ వైపే నిలబడింది. మన దగ్గర కూడా డ్రోన్ కెమెరాలు, ఎల్ఈడీ లైట్లు, వర్చువల్ సెట్ల పని నేర్చుకుని వచ్చిన పాతికేళ్ల అమ్మాయి, పనులన్నీ పాతికేళ్ల సర్వీసు ఉన్నవాళ్లకే వెళ్తే ఎక్కడికి పోవాలి? కెమెరామేన్ తన చేతికింద ఎవరు ఉండాలో ఎంచుకోవద్దా? ఈ ప్రశ్నలు కొట్టిపారేసేవి కావు. సినిమాలో మేకప్‌కూ, ఎడిటింగ్‌కూ తేదీ చూసి మనిషిని ఇవ్వలేం. కాని సెట్ బాయ్, ప్రొడక్షన్ బాయ్, లైట్‌మేన్, జూనియర్ ఆర్టిస్ట్, డ్రైవర్, సెట్‌లో గిన్నెలు కడిగే మహిళా వర్కర్, వీళ్ల పనిలో ‘మా అభిరుచికి సరిపడే మనిషి’ అన్న మాట ఎంతవరకు నిజం?

మస్టర్ రోల్‌లో పేరుంటే ఏమవుతుందో హైదరాబాద్‌లోనే కొన్నేళ్ల కిందట చూశాం. 2019 అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీలో దాదాపు 48 వేల మంది సమ్మెకు దిగారు. గడువులోగా రానివాళ్లు తమకు తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. సెల్ఫ్ డిస్మిస్ అన్న మాట అప్పుడే ఊరూరా తెలిసింది. తాత్కాలిక డ్రైవర్లతో, కండక్టర్లతో బస్సులు నడిపారు. 52 రోజులకు, నవంబర్ 25న యూనియన్లు సమ్మె విరమించాయి. నవంబర్ 28న కేబినెట్ నిర్ణయం, 29న అందరూ డ్యూటీలో. అంత పంతం నడిచాక కూడా పాత మనిషి పాత డిపోకే వెళ్లాడు, తాత్కాలికులు ఇంటికి వెళ్లారు. కారణం ఏమంటే ప్రతి డిపోలో స్టాఫ్ నంబరు, చేరిన తేదీ ఉన్న రికార్డు ఉంది. సినీ కార్మికుడికి లేనిది అదొక్కటే.

అయితే రోజుకొక యజమాని ఉండే పనిలో ఇలాంటి రికార్డు పెట్టడం సాధ్యమా? సాధ్యమని చెప్పడానికి తెలుగు నేల మీదే ఉదాహరణ ఉంది. విశాఖ రేవులో ఒకప్పుడు సరుకు దించే కూలీల బతుకు అచ్చం ఇలాగే ఉండేది. ఓడ వస్తే పని, లేకపోతే లేదు. ఇవాళ ఒక స్టీవెడోర్ (సరుకు దించే కాంట్రాక్టర్), రేపు ఇంకొకడు. మేస్త్రీకి నచ్చినవాడికే గ్యాంగులో చోటు. 1948లో వచ్చిన డాక్ కార్మికుల చట్టం కింద ఓడరేవుల్లో డాక్ లేబర్ బోర్డులు పెట్టారు, విశాఖకూ ఒకటి వచ్చింది. కార్మికులు బోర్డులో రిజిస్టర్ అయ్యేవాళ్లు. కంపెనీలు తమకు కావలసిన మనుషుల్ని బోర్డు నుంచే తీసుకోవాలి. గ్యాంగులను వంతుల ప్రకారం పంపేవాళ్లు. హాజరు వేయించుకుని పని దొరకనివాడికి ఎంతో కొంత అటెండెన్స్ డబ్బు దక్కేది. కంపెనీలు కట్టే లెవీతో ఇదంతా నడిచేది. యంత్రాలు, కంటైనర్లు వచ్చి బోర్డుల అవసరం తగ్గి, విశాఖ బోర్డు తర్వాత పోర్టులోనే కలిసిపోయింది. కానీ ఎన్నో ఏళ్ల పాటు, వేర్వేరు యజమానుల కింద పనిచేసే కూలీకి వరుస నంబరు అంటూ ఒకటి ఇచ్చింది. ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం ఆంధ్రప్రదేశ్ 1976లో చేసిన చట్టం వెనకున్న ఆలోచన కూడా ఇలాంటిదే.

రేవు కూలీల ఈ పద్ధతికి పుట్టిళ్లలో ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కో. 1934లో అక్కడ జరిగిన పెద్ద సమ్మె తర్వాత యూనియన్, యజమానులు కలిసి నడిపే హైరింగ్ హాల్ వచ్చింది. అక్కడ వంతు లెక్క గమ్మత్తుగా ఉంటుంది. అప్పటి దాకా అందరికన్నా తక్కువ గంటలు పనిచేసినవాడికి ముందు పిలుపు. సీనియారిటీ వల్ల రిజిస్టర్‌లో స్థానం వస్తుంది, రోజువారీ పిలుపు మాత్రం ఖాళీగా కూర్చున్నవాడికి వెళుతుంది. హాలీవుడ్‌లో టెక్నీషియన్లకు ఇంకో పద్ధతి. అక్కడ స్టూడియోలకు, యూనియన్లకు ఉన్న ఒప్పందం ప్రకారం ‘ఇండస్ట్రీ ఎక్స్‌పీరియన్స్ రోస్టర్’ అనే జాబితా ఉంటుంది. నిర్ణీత రోజులు పనిచేసినట్టు పేస్లిప్పులతో రుజువు చూపితే పేరు ఎక్కుతుంది, పేరున్నవాడికి పనిలో ప్రాధాన్యం. జాబితాలో ఉన్నవాళ్లలో తనకు నచ్చినవాడిని నిర్మాత ఎంచుకోవచ్చు. రేవు పద్ధతి కూలీల పనులకు, రోస్టర్ పద్ధతి నైపుణ్యం పనులకు సరిపోతాయి. మన 24 క్రాఫ్టులన్నిటికీ ఒకే తాళంచెవి వెతకక్కర్లేదు.

ఈలోగా చట్టమే మారింది. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత 25జీ, 25హెచ్‌లు ఇప్పుడు పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 71, 72 సెక్షన్లయ్యాయి. చివర వచ్చినవాడు ముందు వెళ్లాలన్న సూత్రం అలాగే ఉంది. తిరిగి పిలిచే హక్కుకు మాత్రం గడువు పెట్టారు. పాత సెక్షన్‌లో కాలపరిమితి లేదు, కొత్త సెక్షన్ ప్రకారం తీసేసిన ఏడాది లోపు మనుషుల్ని పెట్టుకుంటేనే పాతవాళ్లకు ప్రాధాన్యం. పదమూడో నెలలో కొత్తవాళ్లను చేర్చుకునే తెలివి ఏ యాజమాన్యానికైనా ఉంటుంది. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగం గడువు ముగిస్తే అది రిట్రెంచ్‌మెంట్ కాదని కూడా కోడ్ నేరుగా చెప్పేసింది. ఏ సంస్థలో సమ్మె చేయాలన్నా 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి అయింది. 1981 సినీ కార్మికుల చట్టం రద్దయి, అందులోని రాతపూర్వక ఒప్పందం నిబంధన భద్రతా, ఆరోగ్య కోడ్‌లోకి వెళ్లింది. అక్కడ సినీ కార్మికుడి కొత్త పేరు ఆడియో-విజువల్ వర్కర్. టీవీ సీరియళ్లలో, వెబ్ సిరీస్‌లలో పనిచేసేవాళ్లూ ఈ పేరు కిందికి వస్తారు. కోడ్‌ల మొత్తంలో సినీ కార్మికుడికి పనికొచ్చే మార్పు ఇదొక్కటేనేమో.

ఫ్యాక్టరీ కార్మికుడి హక్కే ఇలా కుదించుకుపోతుంటే సినీ కార్మికుడు చట్టం కోసం ఎదురుచూస్తూ కూర్చోవడంలో అర్థం లేదు. చట్టం ఇవ్వనిది ఒప్పందంలో రాయించుకోవచ్చు. నిజానికి 22.5 శాతం కూడా ఏ చట్టమూ ఇవ్వలేదు, బేరంలో వచ్చింది. 2025 ఒప్పందం మూడేళ్లది. మళ్లీ 2028లో ఛాంబర్, ఫెడరేషన్ ఎదురెదురుగా కూర్చోక తప్పదు. అప్పుడు శాతంతోపాటు ఇంకో పేజీ బల్ల మీద పెట్టాలి. షూటింగ్ మధ్యలో ఆగి మళ్లీ మొదలైతే ఆ సినిమాకు అంతకుముందు పనిచేసినవాళ్లకే మొదటి పిలుపు, యూనిట్ తగ్గితే రోజుల లెక్కలో పైనున్నవాళ్లకు ముందు పిలుపు, వరుస తప్పితే కారణం కాగితం మీద. దీనికి నిర్మాతకు పైసా ఖర్చు లేదు.

ఆ పేజీ రాయాలంటే ముందు లెక్క ఉండాలి. కాబట్టి కృష్ణానగర్ నుంచి చిత్రపురి దాకా కార్డు జేబులో పెట్టుకు తిరిగే ప్రతి మనిషికీ ఒక విన్నపం. సినిమా పేరు, తేదీ, కాల్‌షీట్, మేనేజర్ పేరు రోజూ రాసి పెట్టుకోండి. బత్తా వోచర్ మీద సంతకం పెట్టేటప్పుడు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఒప్పంద పత్రం అడగండి, పీఎఫ్ నంబరు అడగండి. జనరల్ బాడీ మీటింగ్‌లో లేచి, మన సంఘంలో ఈ ఏడాది ఎవరెవరు ఎన్ని రోజులు పనిచేశారో జాబితా గోడ మీద అంటించమని కోరండి. 2028కి ఇంకా టైముంది.